పేర్లు చదివే ఆదివారం

మా సదస్సుకు చాలా పెద్ద పేరుంది. ఇంధన రంగ క్రెడిట్ నిపుణుల వార్షిక సదస్సు. నంద్యాలలో కల్యాణ మండపం గేటుకు కట్టే ఫ్లెక్సీ మీద ఆ పేరు రెండు వరుసల్లో వస్తుంది. రోడ్డున పోయేవాళ్లు చదివి, లోపల శాస్త్రవేత్తలెవరో కూర్చున్నారనుకుంటారేమో. కూర్చునేది మేమే. డీజిల్ బంకుల్లో, గ్యాస్ ఏజెన్సీల్లో, సోలార్ మోటార్లు అమ్మే కంపెనీల్లో, మిల్లుల బాయిలర్లకు ఊక ఇటుకలు పంపే చోట్ల, ఎవరికి అరువివ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తేల్చేవాళ్లం. మా పనికి ఇంతకన్నా పొట్టి పేరు ఊళ్లో జనం పెట్టారు గానీ, దాన్ని ఫ్లెక్సీ మీద వేయించలేం.

నేను ఆళ్లగడ్డలో ఒక డీజిల్ బంకు ఆఫీసులో పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నాకు ముక్కు మీద కోపమని ఇంట్లో అంటారు, నిజమే. కోపంతో పాటు ఒక గర్వం కూడా ఉండేది. మనిషి గుమ్మం దాటి లోపలికి రాగానే, ఈయన కడతాడు, ఈయన కట్టడు అని చెప్పేయగలననుకునేదాన్ని. మా ఓనరు కూడా అలాగే అనుకునేవాడు. అందుకే ఏటా సదస్సుకు నన్నే పంపేవాడు.

సదస్సు ఎప్పుడూ దసరా దాటాక వచ్చే ఒక ఆదివారం పెడతారు. వరికోతలు మొదలయ్యేలోపు అది అయిపోవాలి. ఆదివారం కాబట్టి నాకు ఆ వారం చర్చి పోతుంది. మా ఆయన బడిపంతులు, చర్చిలో పాటలు పాడిస్తాడు. మీ డీజిల్ దేవుడికి కూడా ఆదివారమే కావాలా అని ఏటా ఒకటే ఎకసెక్కం. నేనూ ఏటా జవాబు చెప్పకుండా చెప్పులేసుకుని ఆరున్నర బస్సెక్కుతాను.

మండపంలో పొద్దున ఉగ్గాని, బజ్జీ పెడతారు. మెడలో వేసుకోవడానికి పేరున్న అట్ట, చేతికి ఒక జనపనార సంచీ, అందులో పెన్నూ నోట్‌బుక్కూ ఇస్తారు. ఒక ఏడాది స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చారు, దానికోసం ఇద్దరు పెద్దమనుషులు వాదులాడుకున్నారు. దీపం వెలిగించడం, శాలువాలు కప్పడం, కంపెనీ నుంచి వచ్చిన ఆఫీసరు గారి మాటలు, అన్నీ మామూలే. నలభై మందికి పైగా ఉంటాం, అందులో ఆడవాళ్లం ఇద్దరమో ముగ్గురమో. కానీ అంతమందీ వచ్చేది వీటికోసం కాదు. పదకొండు గంటలకు జరిగే పనికోసం.

పదకొండింటికి తలుపులు మూస్తారు. వంట మనుషులను కూడా లోపలికి రానివ్వరు. ఒక్కొక్కరూ వరసగా లేచి తమ దగ్గర ఎగ్గొట్టినవాళ్ల పేర్లు చదువుతారు. మనిషి పేరు, ఊరు, బండి ఉంటే బండి నంబరు, అంతే. కారణం చెప్పకూడదు. ఎవరూ మధ్యలో అడగకూడదు. కాగితం మీద అచ్చు వేసి పంచితే ఎవరి చేతికైనా చిక్కుతుందని భయం, అందుకే నోటితో చదవడం. విన్నవాళ్లు తమ నోట్‌బుక్కులో రాసుకుంటారు. ఆ తర్వాత ఆ మనిషికి ఆత్మకూరు నుంచి సంజామల దాకా ఏ బంకులోనూ చుక్క డీజిల్ అరువు పుట్టదు. దీన్ని మేము పేర్ల మీటింగు అంటాం.

పోయిన ఏడాది నేను చదివిన పేర్లలో ఒకటి ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఉండే ఒకాయనది. యాభై దాటిన మనిషి. మూడెకరాల మడి, ఒక వరికోత మిషను ఉండేవి. ఏడేళ్లు మా దగ్గర అరువుకు డీజిల్ పోయించుకున్నాడు, ఏడేళ్లూ సరిగా కట్టాడు. మిషన్లకు అరువు తప్పదు. రైతు పంట కోయించుకుని, వడ్లు అమ్ముడుపోయాక గానీ కోత డబ్బులివ్వడు. అంతవరకూ మిషను రోజూ తాగే డీజిల్‌కు చేతినుంచి పెట్టుకోవడం ఎవరివల్లా కాదు. కాబట్టి డ్రైవరు వచ్చి, చీటీ మీద సంతకం పెట్టి, పోయించుకుని పోతాడు. మా పుస్తకంలో ఖాతా మనిషి పేరు మీద కాకుండా బండి నంబరు మీద ఉంటుంది. ఒకే పేరుగలవాళ్లు ఊరికి నలుగురుంటారు, నంబరు మాత్రం ఒక్కటే. ఈ పద్ధతి పెట్టింది నేనే. పెట్టినందుకు ఓనరు జీతం కూడా పెంచాడు.

పోయిన ఏడాది ఉగాది తర్వాత, రెండో పంట కోతల్లో, ఆయన మిషను నంబరు మీద పదిహేను రోజుల చీటీలు కట్టకుండా నిలిచిపోయాయి. కబురు పెడితే ఆయన ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మిషను ఉగాదికి ముందరే అమ్మేసినా మ్మా. ఈ చీటీలు నాయి కావు.”

ఈ మాట చెప్పినవాళ్లు నాకు కొత్త కాదు. అమ్మినట్టు కాగితం చూపించమన్నాను. స్టాంపు కాగితం ఒకటే రాసుకున్నారట, అది కొన్నవాడి దగ్గరే ఉందట, వాడేమో ఫోనెత్తడం లేదట. నేను ఫోన్లో బండి నంబరు కొట్టి చూశాను. ఆర్సీ ఈయన పేరు మీదే ఉంది. చీటీల మీద సంతకం ఏడేళ్లుగా వస్తున్న డ్రైవరుదే. ఇంకేం కావాలి? ఫోను ఆయన వైపు తిప్పి పెట్టాను.

ఆయన దాన్ని చూడను కూడా చూడలేదు. తను తినని కూటికి తానెందుకు కట్టాలని ఒక్క మాట అని వెళ్లిపోయాడు.

ఆ పోవడమే నాకు మండింది. కట్టలేనివాళ్లు నా ముందు నిలబడి పెళ్లాం జబ్బు, పిల్లల ఫీజులు, పంట నష్టం, ఏదో ఒకటి చెప్పుకుంటారు. నేను కొంచెం కసిరి, కొంచెం గడువిస్తాను. ఈయన అలా ఏమీ చెప్పుకోలేదు. బతిమాలి ఉంటే, నిజం చెప్పాలంటే, నేను ఆ పేరు చదివేదాన్ని కాదు. కొన్నవాడెవరో, ఏ ఊరో కూడా నేనాయన్ను అడగలేదు.

నంద్యాలలో ఆ పేరు చదివాక ఏం జరిగిందో నాకు బంకుకు వచ్చే డ్రైవర్ల మాటల్లో తెలుస్తూనే ఉంది. పాత మిషను అమ్మిన డబ్బులు కట్టి, మిగతాది ఫైనాన్సులో తీసుకుని, ఆయన కొత్త మిషను దించుకున్నాడు. ఆ అమ్మకం ఎప్పటిదో అప్పుడు కూడా నేను ఆరా తీయలేదు. కోతల కాలంలో ఏ బంకులోనూ డీజిల్ అరువివ్వలేదు. మిషను ఇంటి ముందు నిలబడిపోయింది. కంతులు కట్టలేకపోతే ఫైనాన్సువాళ్లు వచ్చి తోలుకుపోయారు. ఈ ఎండాకాలం ఆయన ఎవరిదో మిషను నడుపుకుంటూ మా బంకుకే వచ్చాడు. వాళ్ల ఖాతాలో డీజిల్ పోయించుకుని, డ్రైవరు సంతకం పెట్టాల్సిన చోట సంతకం పెట్టాడు. నేను అద్దం వెనక నుంచి చూసి ఓనరుతో, చూశారా, చివరికి డ్రైవరయ్యాడు అన్నాను. ఆ మాట నేనన్నదే. దాన్ని ఇక్కడ రాయకుండా వదిలేద్దామనుకున్నాను, చేతకాలేదు.

ఈ ఏడాది సదస్సులో పదకొండింటికి తలుపులు మూశారు. ఇద్దరు ముగ్గురు చదివాక బండి ఆత్మకూరు అనే ఊరి బంకులో క్రెడిట్ చూసే అతను లేచాడు. నాకన్నా పదేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, చదివేటప్పుడు చూపుడువేలు అక్షరాల కింద పెట్టుకుంటాడు. నాలుగో పేరుగా ఒక మనిషి పేరు చదివి, ఊరు చదివి, వరికోత మిషను అని నంబరు చదివాడు.

ఆ నంబరు నాకు మా ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లకన్నా బాగా తెలుసు. అది ఆయన మిషనుది. చదివిన పేరు మాత్రం ఆయనది కాదు.

నా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. లేచి, ఆ మిషను నీ దగ్గరికి ఎప్పుడొచ్చింది తమ్ముడూ అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యలో ఎవరూ అడగకూడదన్న రూలు గుర్తొచ్చింది. ఇంతకుముందు ఆ రూలును మీరి నేను చాలాసార్లు నోరు పారేసుకున్నాను, అందరూ నవ్వి ఊరుకున్నారు. ఆ రోజు మాత్రం ఎంతో బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను. నా వంతు వచ్చింది. లేచి నా ఆరు పేర్లూ చదివి కూర్చున్నాను.

భోజనాల దగ్గర అతన్ని పట్టుకున్నాను. బిర్యానీ పళ్లెం పక్కన పెట్టి, ఫోను తీసి చూపించాడు. వేరేవాళ్ల ఆర్సీతో తిరిగే బండి కాబట్టి, ఖాతా తెరిచేటప్పుడే అమ్మకం కాగితానికి ఫోటో తీసి పెట్టుకున్నాడట. నాకు రావాల్సిన బుద్ధి అతనికి ఉంది. కాగితం కింద ఇద్దరి సంతకాలు, పైన తేదీ. నా దగ్గర నిలిచిపోయిన మొదటి చీటీకి రెండు రోజుల ముందు తేదీ.

“కొన్నోడు డ్రైవరును గూడా మిషనుతోనే పెట్టుకున్యాడక్కా. ఫైనాన్సు తీరలేదని ఆర్సీ మార్చుకోల్యా” అన్నాడు.

అంతా తేలిపోయింది. కొన్నవాడు పాత డ్రైవరునే పంపాడు. డ్రైవరు అలవాటైన బంకుకే వచ్చాడు. బయట పోసేవాళ్లు అలవాటైన నంబరే రాశారు. నేను నంబరును నమ్మాను. ఇందులో నిజం చెప్పినవాడు ఒక్కడే, ఆయన చెప్పింది నేను వినలేదు.

పళ్లెం అలాగే పెట్టేసి అధ్యక్షుడి దగ్గరికి పోయాను. ఆత్మకూరులో గ్యాస్ ఏజెన్సీ లెక్కలు చూసే పెద్దాయన. ఈ సదస్సు మొదలైనప్పటినుంచీ ఆయనే అధ్యక్షుడు, మంచి మనిషి. పెరుగన్నం తింటూ నేను చెప్పిందంతా విన్నాడు. పేరు వెనక్కి తీసుకుంటానంటే మాత్రం తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్లలో ఒక్క పేరూ వెనక్కి తీసింది లేదన్నాడు. ఒకసారి మొదలైతే రేపు ఎగ్గొట్టిన ప్రతివాడూ గేటు దగ్గర నిలబడతాడన్నాడు. ఆయనకు మీ బంకులో మీరు డీజిల్ పోయించండి, ఎవరొద్దన్నారు, ఇక్కడ చెప్పాల్సిన పని లేదన్నాడు. చేయి కడుక్కున్నాక నెమ్మదిగా ఇంకో మాట అన్నాడు.

“ఇట్ల లేచి చెప్తే, ఇంగ నువ్వు చదివే పేర్లు ఎవురు నమ్ముతారు పాపా?”

నా బాగు కోరే అన్నాడు. ఆ మాట నాకు బాగానే తగిలింది. పన్నెండేళ్లుగా నాకున్నది ఆ నమ్మకమొక్కటే. నేను పేరు చదివితే రెండో మాట లేకుండా అందరూ రాసుకుంటారు. దాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పోయి నా కుర్చీలో కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆఫీసరు గారు తెర మీద బొమ్మలు వేసి, క్రెడిట్ స్కోరు గురించి చెప్పడం మొదలుపెట్టారు. బిర్యానీ తిన్నాక ఆ మాటలెవరికి కావాలి? ఒకరు బస్సుకని, ఒకరు ఇంటివాళ్లకు చీరలు కొనాలని, ఒకరు ఏమీ చెప్పకుండా, సంచీ చంకలో పెట్టుకుని ఒక్కొక్కరే జారుకుంటున్నారు. నేనూ రెండుసార్లు బస్సు టైము చూసుకున్నాను. అప్పుడు ఆఫీసరు గారు తెర మీద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం వేసి చదివారు. మనిషి చెప్పేది కాదు, రికార్డు చెప్పేది నమ్మండి అని. ముందు వరసలో కూర్చున్నవాళ్లందరూ తలలూపారు. నేను సరిగ్గా అదే చేశాను, అక్షరం పొల్లుపోకుండా.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. నిలబడ్డానని లేచాక గానీ తెలియలేదు. ఆఫీసరు గారు డౌటు అనుకుని మైకిచ్చారు. పోయిన ఏడాది ఆళ్లగడ్డ నుంచి నేను చదివిన ఒక పేరు తప్పని చెప్పాను. పేరూ ఊరూ మళ్లీ చెప్పాను. మిషను అమ్ముడుపోయాక పోసిన డీజిల్‌ను ఆయన నెత్తిన రుద్దానని, ఆయన ఎవరికీ పైసా బాకీ లేడని, మీ పుస్తకాల్లో కొట్టేయమని చెప్పాను.

అధ్యక్షుడు ముందున్న నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు. బండి ఆత్మకూరు అతను అందరికంటే ముందు పుస్తకం తెరిచాడు. మరో నలుగురైదుగురు తెరిచారు. సంజామల నుంచి వచ్చిన ఒకాయన, పోయిన ఏడాది పుస్తకం ఇంట్లో ఉందనీ, పోయినాక కొట్టేస్తాననీ అన్నాడు. వెనక వరస నుంచి ఎవరో, ఇలాంటి పేర్లు ఇంకెన్ని చదివారు మేడం అని అడిగారు. వెక్కిరింపు కాదు, తెలుసుకోవాలనే అడిగారు. తెలీదని చెప్పి కూర్చున్నాను.

తిరుగు బస్సులో నాకు హాయిగానే ఉంది. కిటికీ పక్కన సీటు దొరికింది, రోడ్డుకు రెండు పక్కలా వరి పాలు పోసుకుంటోంది. పెద్ద పని చేశాననుకున్నాను. పన్నెండేళ్ల పేరు పణంగా పెట్టి నిజం చెప్పానని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇంటికి పోయి చెబితే మా ఆయన ఎకసెక్కం ఆడకుండా విన్నాడు. రేపు ఆ మనిషి ఇంటికి పోయి చెప్పు అన్నాడు. అదెంత పని అనుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఆటో ఎక్కి ఆ పల్లెకు పోయాను. ఆయన ఇంటి ముందు పట్ట పరిచి, మినుములు ఆరబోసి, కాలితో తిరగేస్తున్నాడు. నన్ను చూసి ఆగలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. వాళ్ల ఇంటావిడ ఒక స్టూలు తెచ్చి వేసి లోపలికి పోయింది. నేను కూర్చోలేదు. కాగితం సంగతి, తేదీ సంగతి, అతను ఫోన్లో చూపించిన ఫోటో సంగతి చెప్పాను. తప్పు నాదే అన్నా, మీరు చెప్పినప్పుడు నేను వినలేదు అన్నాను. నిన్న సదస్సులో అందరి ముందూ లేచి మీ పేరు కొట్టేయమని చెప్పానని కూడా చెప్పాను. ఇది చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గొప్ప ధ్వనించిందేమో.

ఆయన పట్ట చివరిదాకా పోయి వెనక్కి తిరిగాడు.

“పోయినేడు నా పేరు చదివినప్పుడు యంతమంది ఉండిరి?”

నలభై ముగ్గురని చెప్పాను.

“నిన్న కొట్టేయమన్యావు గదా. అప్పుడు?”

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆయన కాలి కింద మినుములు గలగలమంటున్నాయి. ఇరవై నలుగురని చెప్పాను. పొద్దున ఆ నలభై ముగ్గురూ వచ్చారని, తక్కినవాళ్లు భోజనాలయ్యాక వెళ్లిపోయారని అన్నాను. పొద్దున్నే తెలిసినా ఆ పూట లేవలేకపోయానని కూడా చెప్పాను. అడగకపోయినా చెప్పాను.

“అట్లయితే ఇంగా పందొమ్మిది మందికి నేను దొంగనే గదమ్మా.”

కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. లెక్కలు చూసేదాన్ని నేను, రాత్రంతా ఆ లెక్క నాకు తోచలేదు. మా బంకులో ఈ రోజు నుంచే పోయించుకోండన్నా, ఓనరుతో నేను మాట్లాడతాను అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, ఒక మిషను బాడుగకు మాట్లాడుకున్నానని, డీజిల్ అరువు పుట్టక ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదని చెప్పాడు. మిషను ఆళ్లగడ్డలో కూర్చుంటే కూడు పెట్టదని, కోతలు ఎక్కడుంటే అక్కడికి పోవాలని, పోయిన చోటల్లా డీజిల్ కావాలని అన్నాడు. నాకు తెలియని సంగతి కాదు. ఒకరు నాకు చెప్పాల్సిన సంగతీ కాదు.

సంచీలోంచి నోట్‌బుక్కు తీసి, స్టూలు మీద కూర్చున్నాను. పొద్దున ఉండి మధ్యాహ్నం లేనివాళ్లను ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ రాశాను. పందొమ్మిది పేర్లూ, పక్కన ఊర్లూ రాయడానికి చాలాసేపు పట్టింది. ఎదురుగా నిలబడి ఆయన చూస్తూ ఉన్నాడు. ఫోన్ చేస్తానన్నాను. ఆయన మళ్లీ మినుముల వైపు తిరగబోయేసరికి, లేదు, ఒక్కొక్కరి దగ్గరికీ నేనే పోతాను, వాళ్ల పుస్తకంలో నా ముందరే కొట్టేయిస్తాను అన్నాను.

అప్పుడాయన వంగి, వేలితో పుస్తకంలో ఒక బంకతని పేరు పక్కనున్న ఊరు చూపించాడు.

“ముందు ఆత్మకూరుకు పో మ్మా. ఆడ కోతలు బేగా మొదలైతాయి.”